పండరి ఎండ సంఘం

పండరి తీరిగ్గా కూర్చోవడం కొత్తవాడలో ఎవరూ చూడలేదు. మగ్గం ముందు మాత్రం కూర్చుంటాడు. అక్కడ కాళ్లూ చేతులూ ఆడుతూనే ఉంటాయి కాబట్టి. యాభై ఎనిమిదేళ్ల మనిషి, జంపఖానాలు నేస్తాడు. పదకొండేళ్ల క్రితం వాడలో ఆరుగురిని పట్టుకుని, తనతో కలిపి ఏడుగురం అయ్యాం అని ఆఫీసులో చూపించి, సౌరశక్తి ప్రచార సంఘం ఒకటి రిజిస్టర్ చేయించాడు. లాభం కోసం కాదని బోర్డు మీద పెద్దక్షరాలతో రాయించాడు. జనం దాన్ని ఎండ సంఘం అంటారు. గౌరవంతో కాదు.

సంఘం చరిత్రలో ఎక్కువ భాగం ఓటమే. మొదట సోలార్ లాంతర్లు పంచారు. రెండేళ్లకు బ్యాటరీలు చచ్చాయి. తర్వాత పెట్టె లాంటి సోలార్ పొయ్యి తెచ్చి బడి ముందు అన్నం వండి చూపించారు. పొద్దున పెట్టిన బియ్యం మధ్యాహ్నం రెండింటికి ఉడికింది. అప్పటికి చూడవచ్చినవాళ్లు ఇళ్లకు పోయి, తిని, పడుకున్నారు. పండరి ఒక్కడే నిలబడి ఆ అన్నం తిన్నాడు. మూడోది వీధి దీపం. కోతులు దాని ప్యానెల్ పట్టుకుని ఊగే వరకు బాగానే వెలిగింది.

ఈ ఎండాకాలం మిగతా ఆరుగురూ తెగేసి చెప్పారు. కార్యదర్శి చంద్రమౌళికి మాట నాన్చడం రాదు.

"అన్నా, ఇగ చాలు. మనల్ని చూసి వాడంత నవ్వుతాంది. ఆదివారం మీటింగుల, సంఘం మూసేద్దాం."

"సోమక్క రాట్నం ఒక్కటి చూసి మూయుండ్రి," అన్నాడు పండరి.

సోమక్క ఒంటరి మనిషి. నూలు కండెలు చుట్టి బతుకుతుంది. కుడి భుజం పనికిరాకుండా పోయింది. రాట్నం తిప్పొద్దని దవాఖానలో చెప్పారు. తిప్పకపోతే ఏం తినాలో చెప్పలేదు. పండరి ఆమె డాబా మీద రెండు ప్యానెళ్లు పెట్టి, రాట్నానికి చిన్న మోటారు బిగించాడు. బ్యాటరీ లేదు. ఎండ ఉన్నంతసేపు తిరుగుతుంది. శనివారం వేసి చూస్తే గిర్రున తిరిగింది.

ఆదివారం పదకొండింటికి ఆరుగురూ సోమక్క ఇంటికి వచ్చారు. ఆడవాళ్లు గుమ్మం నిండా నిలబడ్డారు. పండరి స్విచ్ వేశాడు. రాట్నం రెండు చుట్లు తిరిగి, మూలిగి, ఆగింది. బయట ఎండ మాడ్చేస్తోంది.

"ఏందే పండరన్నా, ఎండ సాల్తలేదా? మా వాకిట్ల మస్తుగున్నది, గంపెడు తెమ్మంటవా?" అంది పక్కింటి వాసంతి. అందరూ నవ్వారు.

పండరి వైరు పీకి మళ్లీ పెట్టాడు. మోటారు విప్పాడు, బిగించాడు. చెమట కళ్లలోకి కారుతోంది. సోమక్క భుజం పట్టుకుని ఓ మూల నిలబడింది. చంద్రమౌళి విసుగొచ్చి డాబా ఎక్కి, పైనుంచి అరిచాడు.

"ప్యానెళ్ల మీద నూలు ఎవలారేసిండ్రు? తడి నూలు చిలపలు నిండ ఏలాడుతున్నయ్! నీడ పడితే ఇంకేం తిరుగుతది?"

డాబా సోమక్కది. చూపులన్నీ ఆమె మీదికే పోయాయి.

"నీ కోసమని మోటరు పెడితే దాని మీన్నే నూలేస్తవా? జర తెలివుండద్దా?" అని పైనుంచే తిట్టాడు చంద్రమౌళి.

"నేను మెట్లెక్కక ఆర్నెల్లాయె," అంది సోమక్క. ఎవరూ వినలేదు.

పండరి నోరు మూసుకుంటే సరిపోయేది. తప్పు సోమక్క మీదికి పోతుంది, మోటారు మంచిదే అని తేలుతుంది. నిజం చెబితే సంఘం పరువు ఆ గుమ్మంలోనే పోతుంది. పానా పట్టుకుని నాలుగడుగులు అటు, నాలుగడుగులు ఇటు తిరిగాడు.

"నేనే ఆరేసిన," అన్నాడు.

"ఏమన్నవ్?" చంద్రమౌళి మెట్లు దిగి వచ్చాడు.

"పొద్దున తుడుద్దామని ఎక్కిన. ఎంబడి రంగేసిన నూలు గూడ పట్కపోయిన. తుడిసినంక సూత్తె ఎండ మంచిగ పడతాంది. చెయ్యి ఊకోలే. బొంగు అడ్డం కట్టి ఏసిన. పుట్టినకాడికెల్లి గదే అలవాటు మౌళీ. ఎండ కనబడితే నూలారేసుడే."

"గీయన సౌరశక్తికి ప్రెసిడెంటట!" అంది వాసంతి. ఈసారి గుమ్మం మొత్తం పగలబడి నవ్వింది.

ఎవరో పైకెక్కి నూలు తీశారు. వేసిన స్విచ్ వేసినట్టే ఉంది. రాట్నం దానంతటదే అందుకుంది. సోమక్క ఎవరినీ అడగకుండా వచ్చి కూర్చుని, ఎడమ చేత్తో దారం పట్టింది. ఒక కండె నిండింది. రెండోది ఎక్కించింది.

"దీన్ని తీస్తమన్నోళ్లు ముందుగాల నన్ను తియ్యుండ్రి," అంది తల ఎత్తకుండానే.

మీటింగు అక్కడే, వాకిట్లోనే జరిగింది. సంఘం మూయాలన్న మాట ఎవరూ ఎత్తలేదు. చంద్రమౌళి ఇంకో మాట ఎత్తాడు.

"సంఘం ఉంటది. ప్రెసిడెంటుగ నువ్వుండవు అన్నా. ఊరికి చెప్పేటోనికే యాదిలేకపాయె."

ఆరు చేతులు లేచాయి. పండరి ఆ ఆరింటినీ ఒక్కొక్కటిగా చూసి, తన చెయ్యి కూడా ఎత్తాడు. వెంటనే లేచి నిలబడ్డాడు.

"మరి ప్యానెళ్లు ఎవలు తుడుస్తరు?"

"నువ్వే," అంది సోమక్క లోపలినుంచి. "ఉత్త చేతులతోని ఎక్కు."