మంచి కేసు

వైద్య కళాశాల చివరి ఏడాదిలో ఆ అమ్మాయికి గుండె జబ్బుల వార్డులో డ్యూటీ వేశారు. మొదటిరోజే పెద్ద డాక్టరు కిటికీ పక్క మంచం దగ్గర ఆగి, "ఇలాంటి చప్పుడు పుస్తకాల్లో చదవడమే గానీ వినడం అరుదు. వినండి" అన్నారు. మంచం మీదున్నది ఒక దర్జీ. విద్యార్థులు వరసగా అతని ఛాతీకి స్టెతస్కోపు ఆనించారు.

ఆమె వంతు వచ్చేసరికి, "ఏమంటోందమ్మా నా గుండె?" అని అడిగాడతను.

"కాస్త గొణుగుతోంది బాబాయ్."

"ఆర్నెల్లు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు. మా ఆవిడ దగ్గర నేర్చింది."

పక్కనే ఉన్న భార్య మూతి తిప్పుకుంది. ఆ రోజు నుంచి ఆ అమ్మాయికి వాళ్ళు బాబాయ్, పిన్నీ అయ్యారు. ఆమె కోటు జేబు చినిగి వేలాడుతుంటే అతను సూదీ దారం తెప్పించుకుని, మంచం మీదే కూర్చుని కుట్టిపెట్టాడు. కుట్టు ఎక్కడుందో కనిపించలేదు.

అతని గుండెలో ఒక కవాటం మూసుకుపోతోంది. ఆపరేషన్ విభాగంలో మంచం ఖాళీ అయిందని, వెంటనే పంపమని కబురొచ్చింది. పరుగున వెళ్ళి ఆ మాట పెద్ద డాక్టరుకు చెప్పింది ఆమే.

"వచ్చే వారం మీకు పరీక్షలు. పరీక్షలో పెట్టడానికి ఇంత మంచి కేసు మళ్ళీ ఎక్కడ దొరుకుతుంది?" అన్నారు పెద్ద డాక్టరు. "ఇన్నాళ్ళు ఆగినవాడు ఇంకో వారం ఆగలేడా? ఇంకా కొన్ని పరీక్షలున్నాయని అతనితో చెప్పు."

"అలాగే సార్" అంది ఆమె. మంచం దగ్గరికి వెళ్ళి ఆ అబద్ధమే అప్పజెప్పింది.

దర్జీ ఆమె ముఖంలోకి చూశాడు. "పరీక్షలు నాకా అమ్మా, మీకా?"

ఆమె కేసు షీటు తిరగేయసాగింది.

"పోనీలే. కాదంటే వీళ్ళకు కోపమొస్తుంది. రేపు కత్తి పట్టాల్సింది కూడా వీళ్ళేగా."

పరీక్షలో ఆమెకు కేసుగా అతనే వచ్చాడు. జబ్బు ముదిరితే ఏమవుతుందని పరీక్షకుడు అడిగితే, గుండెలో రక్తం గడ్డకట్టి మెదడుకు చేరి పక్షవాతం రావచ్చని తడుముకోకుండా చెప్పింది. దర్జీ పైకప్పు చూస్తూ వింటున్నాడు.

పరీక్షలు ముగిసిన మర్నాడు ఉదయం అతని కుడిచేతిలోంచి గ్లాసు జారిపోయింది. మూతి ఒక పక్కకు లాగేసింది. ఇప్పుడప్పుడే ఆపరేషన్ కుదరదని, కోలుకున్నాక చూద్దామని ఇంటికి పంపేశారు.

ఫలితాలొచ్చాయి. ఆమెకే ఎక్కువ మార్కులు. మిఠాయి పంచమని స్నేహితులు వెంటపడితే తప్పించుకుని దర్జీ కొట్టు వెతుక్కుంటూ వెళ్ళింది. మిషను మీద పిన్ని కూర్చుని దిండు గలేబులు కుడుతోంది. చొక్కాలు కుట్టడం ఆమెకు రాదు.

"బాబాయ్ ఎలా ఉన్నారు పిన్నీ?"

"లోపలున్నాడు. ఎడమచేత్తో తినడం నేర్చుకుంటున్నాడు."

"ఆ రోజే నేను గట్టిగా చెప్పాల్సింది."

పిన్ని దారం తెంపింది. "ఆ పిల్లనేం అనకు, ఎదురు చెప్పుంటే దాని చదువు పోయేదన్నాడు మా ఆయన. అందుకే అనట్లేదు."

లోపలికి రమ్మనలేదు. ఇంతలో ఎవరో పాంటు గుడ్డ పట్టుకుని మెట్లెక్కారు. చొక్కాలు, పాంట్లు ఇప్పుడు కుట్టడం లేదని చెప్పి, పిన్ని మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. ఆ అమ్మాయి మెట్లు దిగింది.