ఓడిపోయే ఆటకు పొలాల కరెంటు

1997 వేసవి. పెనుకొండ ప్రాంతంలోని ఒక సబ్‌స్టేషన్‌లో నేను షిఫ్ట్ ఆపరేటర్‌ని. సబ్‌స్టేషన్ నుంచి ఒక్కో వైపు వెళ్లే లైనును ఫీడర్ అంటాం. ఆ ఎండలకు మా ట్రాన్స్‌ఫార్మర్ టౌన్ ఫీడర్‌నూ పొలాల ఫీడర్‌నూ ఒకేసారి మోయలేకపోయేది. అందుకే వంతులు పెట్టారు. బోరు మోటార్లు తిరగడానికి కావలసిన త్రీఫేజ్ కరెంటు రైతులకు మధ్యాహ్నం పూటే ఇచ్చేవాళ్లం.

ఆ రోజు వన్డే మ్యాచ్. మనవాళ్లు పెద్ద స్కోరు ఛేజ్ చేస్తున్నారు. పొలాల వంతు మొదలుకాబోతుండగా పైఅధికారి ఫోన్ చేశాడు.

"మ్యాచ్ అయ్యేదాకా టౌన్ తీయొద్దయ్యా. పెద్దోళ్లు నా ప్రాణం తీస్తాండారు."

"రైతుల వంతు సార్."

"ఒక పూటకి ఏమీ కాదులే." ఫోన్ పెట్టేశాడు.

కాసేపటికి గేటు దగ్గర రైతులు గుమిగూడారు. అందరికన్నా ముందు నిలబడింది లక్ష్మక్క. చెన్నేకొత్తపల్లి దారిలో ఆమెకు మల్బరీ తోట ఉండేది. ఇంట్లో పట్టుపురుగులు గూళ్లు కట్టే ముందటి మేతలో ఉన్నాయి. అప్పుడు పచ్చి ఆకు కడుపునిండా అందకపోతే పంటంతా పోతుంది.

"ఏమప్పా, యాడ పోయింది మా కరెంటు? తోట వాడిపోతాండాది."

మ్యాచ్ సంగతి చెప్పాను. కంట్రోల్ రూమ్‌లో రేడియో మోగుతోంది. మనవాళ్లకు అప్పట్లో అలవాటైన వరసే అది. నమ్ముకున్న ఒక్క బ్యాట్స్‌మన్ అవుటయ్యాడో లేదో, వెనకాలే మరో ముగ్గురు వచ్చిన దారినే పోయారు. గేటు దగ్గర కేకలు, ఈలలు. దేశం వికెట్ పడితే సంతోషించిన జనాన్ని నేను ఆ రోజే చూశాను. అందరూ అవుటైతే మోటార్లు తిరుగుతాయి కదా!

కానీ మిగిలినవాళ్లు అవుట్ కాలేదు. కొట్టనూ లేదు. బంతి తర్వాత బంతి అడ్డుకుంటూ నిలబడ్డారు. కావలసిన పరుగులు ఎవరికీ అందనంత దూరం పోయాయి.

"గెలుస్తారా?" అడిగింది లక్ష్మక్క.

"గెలవరక్కా."

"మరి ఎందుకు ఆడతాండారు?"

"ఓవర్లు అయ్యేదాకా ఆడాలి."

ఆమె ముఖం ఎర్రబడింది. "గెలిచేదానికైతే నా తోట ఎండినా ఊరుకుందును. వాళ్లు ఊరికే నిలబడుకునేదానికి మా ఆకు మాడాల్నా? నువ్వు చదువుకున్నోనివే, చెప్పు!"

ఒళ్లు మండిపోయింది. ఆ బ్యాట్స్‌మెన్ మీద, ఫోన్ పెట్టేసిన అధికారి మీద, ఓడిపోతారని తెలిసీ టీవీ కట్టెయ్యని ఊరి మీద. లోపలికెళ్లి టౌన్ ఫీడర్ తీసి, పొలాల ఫీడర్ వేశాను.

వెంటనే ఫోన్ మోత. కాసేపటికి టౌన్ నుంచి స్కూటర్ల మీద కొందరు వచ్చిపడ్డారు. ఒకడు నా కాలర్ పట్టుకున్నాడు. "దేశం ఆడతాంటే కరెంటు తీస్తావా?"

లక్ష్మక్క మోటారు వేసుకోవడానికి ఎప్పుడో పోయింది. మిగిలిన రైతులు అడ్డుపడకపోతే నాకు ఎముకలు విరిగేవి. అంత గొడవలోనూ లోపల రేడియో మోగుతూనే ఉంది. మనవాళ్లు ఘోరంగా ఓడారని అందులోనే విన్నాం. నా కాలర్ పట్టుకున్నవాడు దాన్ని వదిలి, జట్టును బూతులు తిడుతూ వెళ్లాడు.

ఆకు దక్కింది. లక్ష్మక్క పురుగులు గూళ్లు కట్టాయి. నాకు మాత్రం శిక్షగా దూరాన రొళ్ల వైపు బదిలీ వచ్చింది. టౌన్ తీయొద్దని ఫోన్‌లో చెప్పినట్టు అధికారి ఎక్కడా ఒప్పుకోలేదు. "నేనెప్పుడు చెప్పినానయ్యా?" అని అందరి ముందూ నన్నే అడిగాడు.

ఆ మాట తలుచుకుంటే నేటికీ ఒళ్లు మండుతుంది. కానీ పని నేర్పింది అదే. కొన్నేళ్లకు హిందూపురంలో పనిచేస్తున్నప్పుడు మరో మ్యాచ్ రోజున మరో అధికారి ఫోన్ చేశాడు. పొలాల ఫీడర్ ఆపమన్నాడు.

"ఆపుతాను సార్. ఆ మాట కాగితం మీద రాసి, సంతకం పెట్టి పంపండి."

"సరేలే, రైతులకే వదులు" అన్నాడు.

రిటైరయ్యేదాకా ప్రతిసారీ అదే అడిగాను. ఒక్కరూ సంతకం పెట్టలేదు.