అమ్మినాయనే తోలుకొచ్చిన ట్రాక్టరు

మా ఆయన బుచ్చిరెడ్డిపాలెంలో ట్రాక్టర్లు అమ్ముతారు. ట్రాక్టర్లతో పాటు రోటవేటర్లు, మందు కొట్టే స్ప్రేయర్లు, నీళ్ళ మోటార్లు, వాటికి కావాల్సిన బోల్టులూ బేరింగులూ అన్నీ మా షాపులో దొరుకుతాయి. ఏ నేలకు ఎంత బలమున్న బండి కావాలి, బురదలో ఏ గేరులో పోవాలి, క్లచ్చు ఎప్పుడు తొక్కాలి, ఎంత నిదానంగా వదలాలి అని ఆయన చెప్పడం మొదలుపెడితే, వచ్చిన రైతు చేతిలో టీ చల్లారిపోతుంది. ఆదివారం చర్చిలో పాస్టరుగారి ప్రసంగానికి కునుకు తీసే పెద్దమనుషులు కూడా మా ఆయన క్లచ్చు ప్రసంగానికి రెప్ప వాల్చరు.

ఇంతా చేసి, ఆయనకు ట్రాక్టరు తోలడం రాదు.

దానికొక కథ ఉంది. మా పెళ్ళికి ముందు, మామగారు ఆయిల్ ఇంజన్లు అమ్మే రోజుల్లో, షాపుకు మొదటిసారి ట్రాక్టరు వచ్చింది. దాన్ని కొంచెం వెనక్కి తియ్యమని మామగారు కొడుక్కి చెప్పారట. కొడుకు తీశారు. పక్కనున్న టీ కొట్టు పందిరి, బెంచీలు, బన్నులు పెట్టిన గాజు సీసాలు అన్నీ దాటి వెనక గోడ దాకా తీశారు. అదృష్టవశాత్తు ఎవరికీ దెబ్బ తగల్లేదు. టీ కొట్టాయన మాత్రం ఆ తర్వాత చాలా ఏళ్ళు మా ఆయన కనబడితే గ్లాసులన్నీ దగ్గరికి జరుపుకునేవాడట.

ఆ రోజు సీటు దిగిన మనిషి మళ్ళీ ఎక్కలేదు. ట్రాక్టర్లు అమ్మే మనిషి ట్రాక్టరు ఎక్కకపోవడానికి ఏదో ఒక కారణం చూపాలి కదా. అందుకని ఆయన ఒక ఆనవాయితీని తయారు చేసుకున్నారు. "కొన్నోళ్ళే ముందు ఎక్కాల. అమ్మేవోడు ఎక్కితే బండి ఎంగిలయినట్టే గదన్నా. మా షాపులో అట్ట చెయ్యం," అనేవారు. రైతులు ఆ మర్యాదకు మురిసిపోయేవారు. డెలివరీ రోజున మా మెకానిక్ బండిని లోపలి నుంచి తోలుకొచ్చి షాపు ముందు పెట్టేవాడు. మెకానిక్ ఎక్కితే ఎంగిలి కాదా అని ఇన్నేళ్ళలో ఒక్కరూ అడగలేదు.

నాకేమో తోలడం వచ్చు. మాది చిల్లకూరు దగ్గర పల్లె. నాన్న సేద్యం చేసేవారు, మా చర్చి సంఘంలో పెద్ద. ఆయన మంచాన పడిన ఒక ఏడు మా పొలం దుక్కంతా నేనే దున్నాను. పెళ్ళిచూపుల నాడు నాన్న ఈ సంగతి గొప్పగా చెప్పుకున్నారు. పెళ్ళికొడుకు "మంచిదండీ" అని కాఫీ గ్లాసులోకి చూస్తూ ఉండిపోయారు. పెళ్ళయ్యాక మేము మాట్లాడుకోని విషయం లేదు, ఇదొక్కటి తప్ప.

పోయిన ఏడాది నాట్ల అదును దగ్గర పడుతుండగా ఒక పెద్దావిడ షాపుకొచ్చింది. కోవూరు దాటి విడవలూరు వైపు, సముద్రపు గాలి తగిలే ఊరు ఆమెది. భర్త పోయాక సేద్యం తనే చూసుకుంటోంది. ఇంట్లో ఉన్న ట్రాక్టరు ముసలిదై మూలన పడింది. మా ఆయన ప్రసంగం మొత్తం ఆమె నిలబడే వింది. బండి చుట్టూ ఒకసారి తిరిగి, టైరు మీద అరచేత్తో తట్టి, తీసుకుంటానంది.

"బుధవారం మంచిది. నువ్వే తోలుకొచ్చి మా వాకిట్లో పెట్టు నాయనా," అంది.

"మా మెకానిక్ తెస్తాడు పెద్దమ్మా."

"నేను కొంటుండేది మెకానిక్ దగ్గరా? మా ఆయన మొదట బండి కొన్నప్పుడు అమ్మినాయనే తోలుకొచ్చినాడు. వాకిట్లో దిగి, మజ్జిగ తాగి, వరి కయ్యలో ఒక చుట్టు తిప్పి చూపించి మరీ పోయినాడు. ఆ బండి మమ్మల్ని ఒక్కనాడూ ఏడిపించలా."

మా ఆయన ఆనవాయితీ సంగతి ఎత్తారు. ఎంగిలి దాకా వెళ్ళారు.

"అది మీ ఆనవాయితీ. ఇది మాది. కొనేది నేను గదా," అంది పెద్దమ్మ.

మా ఆయన చెయ్యి నెమ్మదిగా మోకాలి మీదికి పోయింది. విడిభాగాల బల్ల దగ్గర కూర్చున్న నేను అది చూశాను. పెద్దమ్మ కూడా చూసింది.

"మోకాళ్ళు నాకూ ఉండాయి నాయనా," అంది.

బండికి చిన్న చిన్న పనులున్నాయని చెప్పి ఆయన ఎలాగో ఆ బుధవారాన్ని పై బుధవారానికి జరిపించారు. కొత్త బండికి పనులేమిటని ఆమె అడగలేదు. ఆమె వెళ్ళిపోయాక మా ఆయన చాలాసేపు స్ప్రేయర్ల మీద దుమ్ము తుడిచారు. వాటి మీద దుమ్మేమీ లేదు.

ఆ సాయంత్రం అన్నం తింటూ, "ఏమే, క్లచ్చు బాగా గట్టిగా ఉంటాదా?" అని అడిగారు.

"రోజూ అందరికీ చెప్పేది మీరే గదా."

"చెప్పేది వేరు లే."

నాకు నవ్వొచ్చింది కానీ ఆ ముఖం చూసి మింగేశాను. "నేను నేర్పిస్తా, రండి," అన్నాను.

"ఎవురూ చూడకూడదు," అన్నారు ఆయన.

ఊరి బయట ఎవరో ప్లాట్లు వేసి అమ్ముడుపోక వదిలేసిన లేఅవుట్ ఒకటుంది. రోడ్డు మీదికి పెద్ద ఆర్చీ, లోపల తుమ్మ మొక్కలు, నంబర్లు వేసిన సరిహద్దు రాళ్ళు, అంతే. తెల్లవారగానే మా దగ్గరున్న డెమో ట్రాక్టరు నేను తోలుకుని అక్కడికి వెళ్ళేదాన్ని. ఆయన మోటారు సైకిలు మీద వేరే దారిలో వచ్చేవారు. ఎవరైనా చూస్తే, ఉదయం నడకకు వచ్చానని చెప్పాలని ఆయన ఆలోచన. మోటారు సైకిలు మీద నడకకు ఎవరొస్తారని నేను అడగలేదు.

ఆయనతో వచ్చిన చిక్కల్లా, ప్రతి పనికీ ముందు దాన్ని వివరించడం. సీట్లో కూర్చుని, కాలు క్లచ్చు మీద పెట్టి, "ఇప్పుడు క్లచ్చు ప్లేటు ఫ్లైవీలును వదిలేసింది," అనేవారు.

"వదిలేసింది గదా. ఇంక మీరు కాలు వదలండి, నిదానంగా."

నిదానం అనే మాట ఆయన చెవిలో పడేలోపే కాలు వచ్చేసేది. బండి ఎగిరి ముందుకు దూకి ఆగిపోయేది. దూకిన ప్రతిసారీ ఎవరిదో ఒక సరిహద్దు రాయి పడిపోయేది. ఆయన దిగి, ఆ రాయిని మళ్ళీ అదే గుంటలో పాతి, మట్టి తొక్కి, నంబరు రోడ్డు వైపు కనపడేట్టు తిప్పి అప్పుడుగాని సీటు ఎక్కేవారు కాదు. పరుల సొత్తు విషయంలో మా ఆయన అంత ఖచ్చితం. ఆయన తోలడం నేర్చుకున్న సమయం కంటే రాళ్ళు పాతిన సమయమే ఎక్కువ అనుకుంటాను.

ఒక ఉదయం ఆయన రాళ్ళ మధ్య నుంచి వంకర లేకుండా ఆర్చీ దాకా తోలారు. ఆర్చీ కింద మా మెకానిక్ టీ ఫ్లాస్కు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"అన్నా, స్టీరింగ్ అంత గట్టిగా పట్టుకోబాక. అది యాడికీ పోదు," అన్నాడు.

"నీకెవురు చెప్పినారబ్బా?"

"ఊరంతా తెలుసు గదన్నా. టీ కొట్టాయన బుధవారం మీరు ఏ రోడ్డున పోతారని కూడా అడిగినాడు."

మా ఆయన ఇంజను ఆపి దిగారు. తర్వాత టీ తాగారు. ఆ రోజు నుంచి మోటారు సైకిలు ఇంట్లోనే ఉంది. ఇద్దరం ట్రాక్టరు మీదే బజారులోంచి వెళ్ళాం.

అనుకున్న బుధవారం వచ్చింది. పాస్టరుగారు షాపుకొచ్చి కొత్త బండి కోసం ప్రార్థన చేశారు. ఎదురుగా వచ్చే వాహనాల క్షేమం కోసం కూడా ప్రత్యేకంగా ప్రార్థించారు. మా ఆయన కళ్ళు మూసుకుని గట్టిగా ఆమెన్ అన్నారు. అది కాగానే మెకానిక్, పెద్దమ్మ కోరినట్టే, బండికి బంతిపూల దండ వేసి టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాడు. మా ఆయన వాటిని తొక్కించారు. బండి ముందుకే కదిలింది. టీ కొట్టాయన బయటికొచ్చి చెయ్యి ఊపాడు.

నేను పక్కన మడ్‌గార్డు మీద కూర్చున్నాను. కోవూరు దాకా బాగానే పోయాం. అక్కడ హైవే దాటాలి. చెన్నై వైపు పోయే లారీలన్నీ పోయాక దాటుదామని ఆయన అనుకున్నట్టున్నారు. లారీలు అయిపోవు కదా. చివరికి నేను "ఇప్పుడు పోనీండి" అంటే పోనిచ్చారు. ఆ తర్వాత చిన్న రోడ్డు. మా వెనక ఆర్టీసీ బస్సు చాలా దూరం హారన్ కొట్టుకుంటూ వచ్చింది. పక్కకు జరిగితే కాలవలో పడతామేమోనని ఆయన జరగలేదు. రోడ్డు వెడల్పయిన చోట బస్సు ముందుకు పోతుంటే కండక్టరు తల బయట పెట్టి పూలదండను చూశాడు.

"ఏం సార్, ఊరేగింపా?" అన్నాడు.

మా ఆయన తల తిప్పకుండా, "అవును," అన్నారు.

పెద్దమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది. ఆయన బండిని గుమ్మానికి ఎదురుగా ఆపారు. పెద్దమ్మ హారతిచ్చి కొబ్బరికాయ కొట్టింది. ఆయన దిగి, ఆమె ఇచ్చిన మజ్జిగ తాగారు. ఇంక వెళ్దామని ఆయన నా వైపు తిరిగేసరికి, "కయ్యలో ఒక చుట్టు తిప్పు నాయనా," అంది పెద్దమ్మ.

ఇంటి పక్కనే కయ్య. నీళ్ళు పెట్టి ఉంది. గట్ల మీద నాట్లకొచ్చిన ఆడవాళ్ళు వరసగా నిలబడ్డారు. ఇనప చక్రాలు తగిలించకుండా బురదలోకి దిగొద్దని షాపుకొచ్చిన ప్రతి రైతుకూ చెప్పే మనిషి, ఆ జనాన్ని చూసి, ఉన్న టైర్లతోనే దిగారు. నేను తోలనా అన్నాను. వద్దన్నారు.

సగం చుట్టు చక్కగా తిరిగింది. గట్టు మీది వాళ్ళు చూస్తున్నారో లేదో అని ఆయన ఒకసారి అటు చూశారు. ఆ చూపుతోపాటు స్టీరింగ్ కూడా అటే తిరిగింది. బండి నీళ్ళు నిలిచిన మూలలోకి పోయింది. ఆయన ఎక్సలేటర్ నొక్కారు. వెనక టైర్లు ఉన్నచోటే తిరుగుతూ సగానికి దిగబడ్డాయి.

మా ఆయన ఇంజను ఆపకుండా సీట్లోనే కాస్త సర్దుకుని గొంతు సవరించుకున్నారు.

"ఇట్ట దిగబడినప్పుడు రైతు కంగారు పడకూడదు," అని మొదలుపెట్టారు. "ఎక్సలేటర్ ఎక్కువ ఇయ్యకూడదు. ఇస్తే ఇంకా దిగిపోతాది. రెండు టైర్లూ కలిసి తిరిగేదానికి ఇక్కడ లాకుంటాది, దాన్ని తొక్కాల. చిన్న గేరులో, వచ్చిన దోవనే, నిదానంగా వెనక్కి రావాల."

గట్టు మీది వాళ్ళు శ్రద్ధగా విన్నారు. చెప్పిందంతా సరైనదే. చెప్పి ఆయన గేరు రాడ్డు మీద చెయ్యి పెట్టారు. చెయ్యి అక్కడే ఉండిపోయింది. లేఅవుట్‌లో మేము వెనక్కి తోలడం నేర్చుకోలేదు. ఆయన అడగలేదు, నేనూ ఎత్తలేదు.

చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని నేను గట్టు మీంచి బురదలోకి దిగాను. పిక్కల దాకా దిగబడుతూ పోయి మడ్‌గార్డు ఎక్కి కూర్చున్నాను. నన్ను సీట్లోకి రమ్మంటారేమో అనుకున్నాను. ఆయన నా వైపు చూశారు గానీ సీటు వదల్లేదు.

"వెనకాల ఏముండాది?" అని మెల్లగా అడిగారు.

"ఏమీ లేదు. నీళ్ళే. ఒక కొంగ ఉండాది, అదీ ఎగిరిపోతాది."

ఆయనకు నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే వెనక గేరు వేశారు. కాలు నిజంగానే నిదానంగా వదిలారు. టైర్లు ఒకసారి గునిసి, బురదను చిమ్మి, పైకి లేచాయి. బండి వెనక్కి వచ్చింది. ఆపమని నేను మూడు నాలుగుసార్లు అన్నాను. ఆయన వినిపించుకోలేదు. అవతలి గట్టు దాకా వెళ్ళి అక్కడ ఆపారు. వెనక్కి తోలడం అంత బాగుంటుందని ఆయనకు ఇన్నాళ్ళూ తెలియదు పాపం.

గట్టెక్కి కాళ్ళు కడుక్కుంటుంటే పెద్దమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"నీకు తోలేది వచ్చునా అమ్మణ్ణీ?"

"వచ్చు పెద్దమ్మా."

"అయితే నువ్వు తోలుకొచ్చుండకూడదా? ఇంకా పెందలాడే వచ్చుండేవోళ్ళు," అంది. ఆ మాట మా ఆయనకు వినబడేట్టే అంది. తర్వాత ఆయన వైపు తిరిగి, "కానీ దిగబడితే ఏం చెయ్యాలో కూడా చూపించినావు నాయనా. ఆ మొదటాయన అది చూపించలా," అంది. మా ఆయన ఆ మాటను పొగడ్తగానే తీసుకున్నారు.

బయల్దేరేటప్పుడు ఆమె ఎండురొయ్యల పొట్లం ఒకటి, తోటలో కోసిన లేత వంకాయలు కొన్ని చేతిలో పెట్టింది. తిరుగు ప్రయాణం బస్సులో. ఆ రొయ్యల వాసనకు మా ముందు సీటు తొందరగానే ఖాళీ అయింది. మా ఆయన మోకాళ్ళ దాకా ఎండిన బురదతో, నా భుజం మీద తల వాల్చి కోవూరు దాకా నిద్రపోయారు. పక్క సీటాయన "పొలం పనా?" అని నన్ను అడిగాడు. "వ్యాపారం," అని చెప్పాను.

ఇంటికొచ్చి వంకాయలూ ఎండురొయ్యలూ కలిపి కూర చేశాను. ఆయన మారు వడ్డించుకుని తింటూ, ఆ కయ్య మూలలో నీరు ఎందుకు నిలిచిందో, నేల వాలు ఎటుందో చెప్పుకొచ్చారు. చెయ్యి కడుక్కుని వచ్చాక, "వచ్చే వారం బిట్రగుంటలో డెలివరీ ఉండాది. నేనే తోలుకొస్తానని చెప్పేసినా," అన్నారు.

"మంచిది," అన్నాను.

కాసేపాగి, "నువ్వు కూడా రా. నాకు దోవ తెలవదు," అన్నారు.

బిట్రగుంటలో ఆయన మేనత్త ఇల్లుంది. చిన్నప్పటి సెలవులన్నీ ఆ రైల్వే కాలనీలోనే ఆడుకున్నారు. సరే, దోవ నేను చూపిస్తాలెండి అన్నాను.