పగలని మట్టి పావురాలు

ఎనభైల చివర్లో, మిర్యాలగూడలో, పెళ్లికాని మనిషికి ఆదివారం చాలా పొడుగ్గా ఉండేది. నేను కొలిచాను. పొద్దున ఆరింటికి లేచి రాత్రి తొమ్మిదింటికి పడుకుంటే పదిహేను గంటలు. బట్టలు ఉతుక్కోవడానికి గంటన్నర, హోటల్లో తిండికి గంట, మధ్యాహ్నం కునుకు రెండు గంటలు తీసేస్తే ఇంకా పదిన్నర గంటలు మిగిలేవి. అప్పుడు నేను ఒక రైసుమిల్లులో కాంటా దగ్గర గుమాస్తాని. చదువు పదో తరగతిలో ఆగిపోయినా, పాత పుస్తకాలు కొనుక్కుని లెక్కలు సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. లెక్కతో తేలని పని లోకంలో లేదని గట్టిగా నమ్మేవాణ్ణి. (ఇరవై మూడేళ్ల వయసు. ఆ నమ్మకానికి అదే సరైన వయసు.)

చివ్వెంల దగ్గర మా ఊరికి పోతూ సూర్యాపేట బస్టాండులో దిగినప్పుడు, పాత పుస్తకాల బండి మీద అట్ట చిరిగిన ఇంగ్లీషు పత్రిక ఒకటి కనిపించింది. అందులో ఒక దొర తుపాకీ ఆకాశానికి ఎత్తి నిలబడ్డాడు. ఆటేమిటంటే, ఒక యంత్రం చిన్న మట్టి బిళ్లను గాల్లోకి విసురుతుంది, మనిషి దాన్ని ఎగురుతుండగానే కాల్చి పగలగొట్టాలి. బిళ్లని మట్టి పావురం అంటారు గాని దానికి ముక్కూ రెక్కలూ ఏమీ ఉండవు. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఆ వ్యాసం మూడుసార్లు చదివాను. బిళ్ల వేగం ఇంత, గుండు వేగం ఇంత, కాబట్టి బిళ్లకు ఇన్ని జానలు ముందుకు గురిపెట్టాలి అన్నది పూర్తిగా లెక్కే. నా కోసమే కనిపెట్టిన ఆట అనిపించింది.

తుపాకీ కోదాడలో ఉన్న మా బావ (మా అక్క భర్త) ఇచ్చాడు. మామిడితోటలో చిలకల్ని బెదిరించడానికి కొన్న ఎయిర్‌గన్ అది. పత్రికలోని దొర తుపాకీ నుంచి ఒక్కసారే వందల రవ్వలు చల్లినట్టు వస్తాయట. మా బావ తుపాకీ నుంచి కందిగింజంత సీసపు గుండు ఒక్కటే వచ్చేది, అది కూడా నిట్టూర్పు విడిచినంత చప్పుడుతో. ఆ తేడా నా లెక్కల్లోకి రాలేదు. మా బావకి నా లెక్కలంటే మొదటినుంచీ వేళాకోళం. తుపాకీ చేతికిస్తూనే షరతు పెట్టాడు. "మామిడి కాపు మొదలయ్యే లోపు నా కళ్ల ముందు ఒక్క బిళ్ల పగలగొట్టు బావమరిదీ, తుపాకీ నువ్వే ఉంచుకో. లేదంటే తిరిగి నా తోటకి వచ్చేయాలి. అప్పుడు నీకంటే చిలకలే నయమని పదిమందికీ చెప్తాను."

బిళ్లల కోసం మా ఊరి కుమ్మరి పెద్దయ్య దగ్గరికి పోయాను. అరచేతి అంత, పలచగా, గుండ్రంగా వంద కావాలన్నాను. ఎందుకు బిడ్డా అని అడిగాడు. పగలగొట్టడానికి అని నోటిదాకా వచ్చింది. కానీ ఎదురుగా సారె తిరుగుతోంది, ఆయన వేళ్ల మధ్య ఒక కుండ మూతి లేస్తోంది. ఆ మనిషి ముఖం చూసి ఆ మాట ఎలా అనడం? "ఊరికెనే, ఒక ఆటకు" అన్నాను. "ఆటకైనా సరే, నా చేతి పనికి మాట రావొద్దు" అని తల ఊపాడు. నెల తిరిగాక ఇంకో వంద కావాలని పోతే, అంతకుముందు ఇచ్చినవాటిలో ఒక్కటైనా పగిలిందా అని అడిగాడు. లేదు పెద్దయ్యా అన్నాను, చాలా నిజాయితీగా, చాలా బాధగా. ఆయన మాత్రం మీసం దువ్వుకుని రెండో వందని ఆవంలో ఇంకొంచెం ఎక్కువ కాల్చాడు.

ఇక విసిరేవాళ్లు లేరు. మిల్లులో ఎవర్ని పిలిచినా, ఆదివారం నీతోపాటు మేం కూడా పిచ్చోళ్లం కావాలా అన్నారు. అందుకని వేములపల్లి అవతల, వరి కోసేసిన మడిలో రెండు గుంజలు పాతి, వాటి మధ్య సైకిలు ట్యూబు లాగి కట్టి, చెక్క మీద బిళ్ల పెట్టి, చెక్కని వెనక్కి లాగి ఆపిన మేకుకు తాడు వేసి, ఆ తాడు కొస నా కుడికాలి బొటనవేలుకి కట్టుకున్నాను. వేలు కదిపితే మేకు ఊడుతుంది, బిళ్ల ఎగురుతుంది. మొదటి మూడు బిళ్లలూ నా మోకాలి చిప్పకే తగిలాయి. నాలుగోది సరిగ్గా ఎగిరి ఇరవై రెండడుగుల అవతల, గట్టు మీది తుమ్మకంపలో పడింది. ఆ కంపలోకి పోయి బిళ్లలు ఏరుకునే ఉద్దేశం నాకు లేదు. పాములుంటాయి. జాగ్రత్త నా స్వభావం. పత్రికలో కాల్చేటప్పుడు చెవులు కాపాడుకోవాలని రాసి ఉంది కాబట్టి, రెండు చెవుల్లోనూ దూది కూడా గట్టిగా కుక్కుకున్నాను. (ఆ తుపాకీ చప్పుడుకి పక్కన పడుకున్న పిల్లి కూడా లేవదు. అయినా రాసిందంటే రాసిందే.)

వారానికి ఇరవై గుండ్లు చొప్పున తొమ్మిదిన్నర ఆదివారాలు కాల్చాను. సగం ఆదివారం ఎందుకంటే ఒకసారి ట్యూబు తెగింది. మొత్తం నూట తొంభై. నోటుబుక్కులో రెండు గడులు గీశాను, కాల్చినవి, తగిలినవి. మొదటి గడి కింద ఇరవైలు, రెండో గడి కింద సున్నాలు. గురి నాలుగు జానలు ముందుకు పెట్టాను, ఐదు పెట్టాను, గాలి లెక్క కూడా కలిపాను. బిళ్ల మాత్రం ఎలా ఎగిరిందో అలాగే వెళ్లి కంపలో పడేది. సోమవారం మిల్లులోకి అడుగు పెట్టగానే హమాలీలు ఎన్ని అని అడిగేవారు. అబద్ధం నోట రాదు. సున్నా అనేవాణ్ణి. నాలుగో వారానికి నా పేరు మర్చిపోయి అందరూ సున్నా సారు అనడం మొదలుపెట్టారు. లారీ డ్రైవర్లు కూడా సున్నా సారు దగ్గర తూకం వేయించుకురా అని క్లీనర్లకు చెప్పేవారు. పైకి నవ్వేవాణ్ణి గాని, గదికి వచ్చాక చేతులు ముందుకు చాపి వణుకుతున్నాయా అని చూసుకునేవాణ్ణి. జీవితంలో మొదటిసారి లెక్క సరిపోయి ఫలితం సరిపోవడం లేదు. తప్పు లెక్కది కాకపోతే నాదే అయ్యుండాలి.

వీటన్నిటికీ తోడు గొర్రెల కాపరి తాత ఒకాయన. గట్టు మీద మందను మేపుతూ అప్పుడప్పుడు కర్ర ఎత్తి నా వైపు ఏదో అరిచేవాడు. దూది వల్ల ఒక్క ముక్క వినిపించేది కాదు. గొర్రెలు బెదురుతున్నాయని తిడుతున్నాడనుకుని, క్షమించమన్నట్టు చెయ్యి ఊపి, గుంజలు పీకి ఇంకొంచెం అవతల పాతుకునేవాణ్ణి.

మామిడి పిందెలు పడ్డాయని మా బావ ఒక ఆదివారం మోటారు సైకిల్ మీద దిగాడు. ఆయన ముందు పది గుండ్లు కాల్చాను. పదికి పది బిళ్లలూ ఎగిరి, చల్లగా వెళ్లి కంపలో పడ్డాయి. దూరంగా చెట్టు నీడన కూర్చున్న బావ నోరు ఏమంటోందో వినపడకపోయినా అర్థమైంది. లేచి వచ్చి తుపాకీ కోసం చెయ్యి చాపాడు. ఇచ్చేశాను. ఇచ్చాక గాని దూది తీయాలని గుర్తుకు రాలేదు. తీసేసరికి కాపరి తాత భుజం మీద గొంగడి మూటతో మా ముందుకు వచ్చి నిలబడి ఉన్నాడు.

"ఏం సారు, రెండు నెలల సంది మొత్తుకుంటున్న, తాకింది తాకిందని. నువ్వు ఇనవు. చెయ్యూపుతవ్, ఇంకింత దూరం పోతవ్. గిప్పుడు కూడ రెండు తాకినయ్. ఠంగుమని గా గట్టు మీదికి ఇనొస్తున్నది."

మూట విప్పాడు. మందకు తుమ్మకాయలు దులుపుతూ ఏరిన బిళ్లలు, చట్టి మీద మూతలకు పనికొస్తాయని దాచిపెట్టాడట. లెక్కపెట్టాను, అరవై ఆరు. ఒక్కొక్కటీ తిప్పి చూస్తే పదకొండింటి మీద చిన్న బూడిదరంగు మచ్చ ఉంది. సీసం మచ్చ. మడిలోనే కూర్చుండిపోయాను. నా చేతులు వణకడం లేదు. లెక్క తప్పలేదు. అరవై ఆరింటికి పదకొండు, అంటే ఆరింటికి ఒకటి, ఆ చొప్పున రెండు వందలకు ముప్పై మూడు మీద చిల్లర అని పైకే అనేశాను. చిల్లర ఏ బిళ్లకి తగిలిందని బావ అడిగాడు.

"అయినా నేను పగలగొట్టమన్నాను గాని, మచ్చలు పెట్టమన్లేదు గదా" అంటూ బావ ఒక బిళ్ల తీసి పక్కనున్న బండ మీద బలంగా కొట్టాడు. అది ఠంగుమని ఎగిరి ఆయన కాళ్ల దగ్గరే పడింది. ఇంకోటి కొట్టాడు. అదీ అంతే. మూడోది కొట్టలేదు. కాసేపు బండని చూశాడు, బిళ్లని చూశాడు. "దీనికి తుపాకీ కాదయ్యా, సమ్మెట కావాలి" అని ఎయిర్‌గన్ నా ఒళ్లో పెట్టి, చిలకల సంగతి డబ్బా కొట్టి చూసుకుంటాలే అని బండి ఎక్కాడు.

ఆ వారం ఊరికి పోయి పెద్దయ్యకి నిజం చెప్పేశాను. తిడతాడనుకున్నాను. ఆయన సారె ఆపి నన్ను జాలిగా చూశాడు. "పలగనీకని ముందుగాల జెప్పొద్దా బిడ్డా? కాల్చకుంటనే ఇస్తుంటి గద. నాకింత కట్టెల ఖర్సన్న తప్పేది." ఎండలో ఆరబెట్టిన పచ్చి బిళ్లలు ఇరవై ఇచ్చాడు. తర్వాతి ఆదివారం, చెవుల్లో ఏమీ పెట్టుకోకుండా, ఏడో గుండుకి ఒక బిళ్ల గాల్లోనే గుప్పెడు దుమ్ముగా విడిపోయింది. గట్టు మీద తాత కర్ర ఎత్తాడు. ఈసారి ఆయన ఏమన్నాడో పూర్తిగా విన్నాను, ఇక్కడ రాయదగ్గ మాట కాదు గాని మెచ్చుకోలే.

మిల్లులో సున్నా సారు పోయి పదకొండు సారు వచ్చాడు. ఆ నోటుబుక్కు ఇప్పటికీ ఉంది. రెండో గడిలో సున్నాలు దిద్దుదామని చాలాసార్లు కలం తీశాను. కానీ ఏ దెబ్బ ఏ ఆదివారానిదో తెలియకుండా ఎలా దిద్దను? కింద 'పదకొండు, తేదీలు తెలియవు' అని మాత్రం రాసుకున్నాను. తాత నాకిచ్చిన ఒక మచ్చ బిళ్ల మా ఇంట్లో పెరుగు గిన్నె మీద మూతగా ఉంది. ఇన్నేళ్లలో ఎన్నిసార్లు కింద పడిందో, పెద్దయ్య మాట పోలేదు. రోజూ సాయంత్రం తోడు పెట్టి మా ఆవిడ దాన్ని గిన్నె మీద పెట్టినప్పుడు ఠంగుమంటుంది. అన్ని ఆదివారాలు కష్టపడి, ఒక్కసారి కూడా వినని ఆ చప్పుడు కోసం నేను పేపరు పక్కన పెట్టి కూర్చుంటాను.