పసుపు అంటిన డాలర్లు

పరాయి దేశపు సముద్రపు ఒడ్డున, సంచిలో అయిదు వందల డాలర్లు పెట్టుకుని, ఒక్క కొబ్బరిబొండం కొనుక్కోలేక మీరెప్పుడైనా నిలబడ్డారా? నేను నిలబడ్డాను. కోనసీమలో పుట్టి, బొండానికి డబ్బివ్వడమేమిటని నవ్వే ఊళ్ళో పెరిగినవాణ్ణి. పక్కన నా గురువు విశ్వనాథం మాస్టారు కూడా నిలబడ్డారు. మొన్న విశాఖపట్నంలో విదేశీ డబ్బు మార్చే కిటికీ ముందు వరసలో ఉన్నప్పుడు, లోపలి గుమాస్తా ఒక కొత్త నోటును ఫెళఫెళలాడించి దీపానికెత్తి చూశాడు. ఆ చప్పుడుకు నాకు ఆ ఒడ్డు గుర్తొచ్చింది. మాస్టారు పోయి చాలా ఏళ్ళయింది. అయినా ఆ కిటికీ అవతలి మనిషి మమ్మల్నిద్దర్నీ వెనక్కి పంపేస్తాడేమోనని భయం వేసింది.

మాస్టారిని మీరు ఎరగరు. పలివెలలో ఇల్లు, కొత్తపేటలో సామాన్యశాస్త్రం చెప్పే ఉద్యోగం. తొంభయ్యో దశకం మొదట్లో, నేను ఇంటర్ చదివేటప్పుడు, ఆదివారాలు ఆయన ఇంటి అరుగు మీద చర్చలు నడిపేవారు. ఎవరేమన్నా ఆయన నోటి నుంచి వచ్చే మాట ఒకటే: "కారణం చెప్పు." కె.గంగవరం వైపు ఒక స్వామి మంత్రజలం చల్లితే పసుపు గుడ్డ మీద నెత్తురు మరకలు పడుతున్నాయని ఊరూరా చెప్పుకున్నారు. ఆ ఆదివారమే మాస్టారు పసుపు నీళ్ళలో ముంచి ఆరేసిన గుడ్డ తెచ్చి, తాంబూలపు సున్నం కలిపిన నీళ్ళు చల్లి, మా కళ్ళముందే ఎర్ర మరకలు తెప్పించారు. "ఇదిగోరా నెత్తురు. మీ ఇంట్లో సబ్బుతో ఉతికినా వస్తుంది. దండం పెడతారా?" అన్నారు. నా లోపల ఏదో వెలిగింది. ఇవాళ నేను రాసే ప్రతి వాక్యానికీ పుట్టిల్లు ఆ అరుగే.

ఆ అరుగు మీదే ఇంకొకటి కూడా జరిగేది. మాస్టారి భార్య సీతారత్నం గారిని నేను పిన్నిగారు అనేవాణ్ణి. కొత్త బట్ట ఏదైనా సరే, మూలల్లో పసుపు పెట్టకుండా ఆవిడ ఇల్లు దాటనిచ్చేవారు కాదు. ఒకసారి మాస్టారు కొత్త చొక్కాతో బయటికొచ్చి, అంచు మీది పసుపు మా అందరికీ చూపించి, "ఏవోయ్, కారణం చెప్పు. ఈ పసుపు లేకపోతే బస్సు బోల్తా కొడుతుందా?" అన్నారు.

"మీకు చెప్పేంతదాన్నా నేను? పదండి, బస్సెళ్ళిపోద్ది," అన్నారు పిన్నిగారు.

"చూసేరా? జవాబు లేదు. నమ్మకానికి ఎప్పుడూ జవాబుండదు!"

మేమంతా నవ్వాం. అందరికంటే గట్టిగా నవ్వింది నేను.

ఆయనను ఆవిడ కోరింది, నాకు తెలిసి, ఒక్కటే. అంతర్వేది ఒడ్డున నిలబడి, "ఈ నీళ్ళ అవతల ఎవరుంటారండీ?" అని అడిగారట. బర్మా, ఇంకా కిందికి థాయ్‌లాండ్ అని ఆయన చెప్పారు. "అయితే ఓసారి అవతల నించుని ఇటు చూడాలండి," అన్నారు ఆవిడ. రిటైరయ్యాక, రెండు వేల ఏడులోనో ఎనిమిదిలోనో, పదిహేనుమంది పాత టీచర్లు కలిసి థాయ్‌లాండ్ పడమటి తీరానికి వెళ్ళొద్దామని డబ్బు కట్టారు. మాస్టారు తనకూ పిన్నిగారికీ కట్టారు. పై ఖర్చులకు రాజమండ్రిలో వంద డాలర్ల నోట్లు అయిదు కొన్నారు. ఆ నోట్లను కవరులో పెట్టి అంటించి, మాస్టారి పాస్‌పోర్టు సంచిలో దాచింది పిన్నిగారే. ప్రయాణం రెండు నెలలుందనగా మూడు రోజుల జ్వరంతో ఆవిడ పోయారు.

మానేస్తారనుకున్నాను. "నువ్వు రారా నాతో," అన్నారు. ఎందుకని నేను అడగలేదు. ఆ ఇంట్లో ప్రశ్నలు వేసేది ఎప్పుడూ ఆయనే.

అక్కడ దిగగానే మొదటి తప్పు నాది. విమానాశ్రయంలోనే కంగారుగా నా దగ్గరున్న కొద్ది డాలర్లూ మార్చేశాను. "రేటు అడిగేవా? కమీషను అడిగేవా? అన్నీ పోను చేతికెంతొస్తుందో అడిగేవా?" అన్నారు మాస్టారు. ఏదీ అడగలేదు. "అడగనోడికి ఎవడూ చెప్పడురా," అని, ఊళ్ళోకి వెళ్ళాక మంచి రేటు చూసి తన నోట్లు మారుస్తానన్నారు. మర్నాడు ఒడ్డున నాలుగు దుకాణాల రేట్లు పోల్చి, ఒక కిటికీ దగ్గర ఆగి, కవరు చించారు. నోట్లు బయటికి తీసి, ఒక్కొక్కటీ తిప్పారు. ప్రతి నోటుకూ నాలుగు మూలలా గింజంత పసుపు బొట్టు. కొత్త నోట్లు కదా, కొత్త బట్టల్లాగే చూశారు పిన్నిగారు.

కిటికీలోని అమ్మాయి నోటును వెలుతురుకెత్తి, మూల మీద గోరు ఆనించి, తల అడ్డంగా ఊపింది. మరక ఉన్న నోటు తీసుకోరట. పక్క కిటికీలోనూ అదే మాట. నాలుగు చోట్లా అదే. అప్పటికి నా దగ్గర మిగిలింది బస్సు డబ్బులే. బొండాలమ్మే ముసలమ్మ మమ్మల్ని పిలిచి పిలిచి విసుక్కుని అటు తిరిగింది.

"మనవాళ్ళ దగ్గర సర్దుకుందామండి," అన్నాను.

"నోర్ముయ్. ఏవని చెప్తావ్? విశ్వనాథం నోట్లకి పసుపు పూసుకొచ్చేడనా? ముప్ఫయ్యేళ్ళు నా చేత తిట్లు తిన్నోళ్ళురా వాళ్ళు. తిరుగు ప్రయాణమంతా పాట కట్టి పాడతారు."

హోటల్ గదికి వచ్చాక, ఆయన మంచం మీద వాలగానే నేను ఒక నోటు పట్టుకుని పంపు దగ్గరికి వెళ్ళాను. కడిగేస్తే పోయేదానికి ఇంత గొడవెందుకు అనుకున్నాను. తడివేలికి సబ్బు రాసి ఒక మూల రుద్దాను. పసుపు బొట్టు నా వేలికింద ఎర్రబడింది. ఆయన దగ్గర నేర్చుకున్న మొదటి పాఠాన్నే నేను మర్చిపోయాను. వెనక మాస్టారు నిలబడి ఉన్నారు. తిడతారనుకున్నాను. నోటు నా చేతిలోంచి తీసుకుని, తుండుతో మెల్లగా అద్ది, "మిగతావి ముట్టుకోకురా," అన్నారు. "దాని వేలు అక్కడ ఆగింది."

అంతవరకూ పిన్నిగారి గురించి ఒక్క మాటా ఎత్తని మనిషి. దహనమప్పుడూ కన్ను తడవని మనిషి. ఆ మాట అని కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. మా గదిలో రెండు మంచాలున్నాయి. నిజానికి రెండోది నాది కాదు. ఆ సంగతి నాకు అప్పుడు తెలిసింది.

మూడో రోజు హోటలువాళ్ళు ఒక పెద్ద బ్యాంకు పేరు చెప్పారు. అక్కడ ఒక నడివయసు అధికారిణి నోట్లు ఓపిగ్గా చూసి, విలువలో కొంత కోసుకుని తీసుకుంటామంది. మాస్టారు తన మూడు ప్రశ్నలూ అడిగారు, మూడింటికీ జవాబు వచ్చింది. ఆవిడ ఒక కాగితం ముందుకు తోసి, వచ్చీరాని ఇంగ్లీషులో నెమ్మదిగా అడిగింది: ఈ రంగు ఏమిటి, ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు? కారణం రాయడానికి ఒక గడి ఉంది. ఎగతాళి లేదు, కోపం లేదు. తెలుసుకోవాలి కాబట్టి అడిగింది.

మాస్టారు కలం పట్టుకున్నారు. జీవితమంతా ఊళ్ళ చేత కారణాలు చెప్పించినవాడు ఆ గడి ముందు ఆగిపోయారు. చివరికి రాశారు: "నా భార్య పెట్టింది. కారణం నాకు తెలియదు." అయిదు నోట్లూ ఇచ్చేశారు. ఎర్రబడినదాన్ని కూడా.

బయటికొచ్చాక అన్నారు: "నలభయ్యేళ్ళు 'కారణం చెప్పు' అన్నాన్రా. అది అడగడం కాదు. నోరు మూయించడం. ఈవిడెవరో అడిగింది చూడు, అదీ అడగడమంటే." ఆ సాయంత్రం ఒడ్డున నిలబడి ఇటువైపు చూశారు. నన్ను దగ్గరికి పిలవలేదు.

ఊరికొచ్చిన వారానికి, రాజోలులో ఉండే పిన్నిగారి చెల్లెలి ఇంటికి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళారు. కాఫీ ముట్టుకోకుండానే అడిగారు: "అమ్మా, మీ అక్క కొత్తవాటికి పసుపెందుకు పెట్టేదో నీకేమైనా తెలుసా?"

"ఆయ్, తెలీకపోవడమేంటండీ బావగారూ. మా అన్నయ్య ఎస్సెల్సీ పరీక్ష ప్యాసయ్యేడని నాన్న కొత్త చొక్కా కుట్టించేరు. పసుపు పెడతానుండరా అని అక్క వెనకాల పరిగెట్టింది. ఆగలేదు. సఖినేటిపల్లి రేవులో పడవెక్కేడు, గోదారిలో పోయేడు. అప్పటికి అక్కకి పదకొండేళ్ళండి. మీకు చెప్పలేదా?"

"చెప్పలేదమ్మా."

ఆవిడ గిన్నెలు సర్దుతూ, మామూలుగా అంది: "మీరు అడిగుండరండి."

తర్వాత ఆరేళ్ళు మాస్టారు ఆ ఇంట్లో ఒక్కరే బతికారు. అరుగు మీద చర్చలు లేవు. నేను వెళితే రెండు కుర్చీలు వేసేవారు. పసుపు ఎవరినీ గోదారిలోంచి లేపదు. ఆయన పోయేవరకూ అదే అన్నారు, నేనూ చచ్చేదాకా అదే రాస్తాను. స్వాములను, తాయెత్తులను, ముహూర్తాల వ్యాపారాన్ని వదిలిపెట్టను. కానీ పదకొండేళ్ళ పిల్ల భయం మీద మేము కొన్నేళ్ళపాటు అరుగెక్కి నవ్వాం. దానికి హేతువాదమని పేరు పెట్టుకున్నాం. కారణం వినే ఓపిక లేనివాడికి కారణం అడిగే హక్కు లేదు. మాస్టారి నుంచి నేను మోస్తున్నది ఇంతే. ఇది తేలికైన బరువు కాదు, ఎందుకంటే నేను అడగవలసినవాళ్ళు కూడా ఇప్పుడు చాలామంది లేరు.

మీకు ఇంకా ఉన్నారు. ఈ కాగితం పక్కన పెట్టి లేవండి. మీ ఇంట్లో మీ మాటకు ఎదురు చెప్పలేక రోజూ ఊరుకునే మనిషి ఎవరో మీకు తెలుసు. వెళ్ళి ఎదురుగా కూర్చోండి. ఎందుకు అలా చేస్తావని అడగండి. ఆ మనిషి చెప్పడం పూర్తయ్యేదాకా నోరు తెరవకండి.