బట్టలకు అంటుకొని ఇంటికొచ్చిన విషం

ఆ రోజు పొద్దున టిఫిన్ డబ్బా మూత తీయలేకపోయాను. కుడి మణికట్టులో బలం లేదు. అంతకు పదిహేను రోజుల ముందు నుంచే కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి, మలబద్ధకం, నోట్లో ఇనుము నాకినట్టు రుచి. ఎండదెబ్బ అనుకున్నాను. మూత రాకపోయేసరికి భయమేసింది.

మాది పుంగనూరు దగ్గర ఊరు. అక్కడ పాత బ్యాటరీలు కరిగించే షెడ్డొకటి చాలా ఏళ్లు నడిచి మూతపడింది. ఆ నేలలోకి సీసం దిగిపోయిందని, పైమట్టంతా తవ్వి లారీల్లో పంపించే పని పెట్టారు. నేను ఆ పనికి మేస్త్రీని. జేసీబీ అందని మూలల్లో మేము పారలతో ఎత్తేవాళ్లం. మాస్కులిచ్చారు. ఊపిరాడక గడ్డం కిందికి లాగేసేవాళ్లం. మట్టి తడిపి తవ్వమన్నారు. ట్యాంకర్ రాని రోజు పొడిమట్టే తవ్వాం. ఆ చేతులతోనే బీడీ, బన్ను. వద్దనాల్సింది నేనే. నేనూ అదే చేశాను.

పుంగనూరులో గ్యాస్ అని మాత్రలిచ్చారు. మదనపల్లెలో స్కాన్ తీశారు, నార్మల్. హిమోగ్లోబిన్ తక్కువుందని టానిక్ రాశారు. నెల గడిచింది. నొప్పి వస్తే మోకాళ్లు గుండెకు ఆనించుకొని పడుకునేవాణ్ణి. నా భార్య రత్నమ్మ, "ఇట్లే పండుకోనుంటే ఎట్ల? కుప్పం పోదాం, లెయ్," అని బస్సెక్కించింది.

కుప్పం పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ చేతులు ముందుకు చాపమంది. కుడిచెయ్యి మణికట్టు దగ్గర వాలిపోయింది. "ఏం పని చేస్తావప్పా?" అంది. అన్ని రోజుల్లో ఆ మాట అడిగింది ఆమె ఒక్కతే. బ్లడ్ లెడ్ టెస్ట్‌కు, అంటే రక్తంలో సీసం ఎంతుందో చూసే పరీక్షకు, రక్తం పంపింది. రిపోర్టు వచ్చాక, "ఇది గ్యాస్ కాదప్పా, లెడ్ పాయిజనింగ్," అంది.

అడ్మిట్ చేసుకొని చెలేషన్ మొదలుపెట్టారు. రక్తంలోని సీసాన్ని మూత్రంలో బయటికి పంపే మందు. వాంతులు, ఒళ్లంతా నీరసం. మెల్లగా నొప్పి తగ్గింది. పనికి పోవద్దన్నారు, పోలేదు.

రెండు నెలలకు చూస్తే తగ్గిన లెవెల్ మళ్లీ పెరిగింది. "ఎముకల్లో దాగిన లెడ్ కొంచెం కొంచెంగా రక్తంలోకి వస్తుంది. అయినా ఇంత పెరగకూడదే," అని డాక్టరమ్మ రత్నమ్మ వైపు తిరిగింది. "పని బట్టలు ఎవరు ఉతుకుతారమ్మా?"

"నేనే మేడం. వాకిట్లో బాగా దులిపి, ఆమేల ఉతికేదాన్ని. కొన్ని ఇంకా మంచం కిందే మూటగట్టి ఉండాయి. పనిలో తలకు సుట్టుకున్న టవలే దిండు మీద పరుసుకొని పండుకుంటాండాడు."

ఆ బట్టల దుమ్మే ఇంట్లో ఎక్కుతోందని రత్నమ్మకూ టెస్ట్ చేశారు. ఆమె రక్తంలోనూ లెడ్. ఆమెకు మందు అక్కర్లేదు, దుమ్ముకు దూరంగా ఉంటే తగ్గుతుందన్నారు. ఆ మూట, టవలు ఇంట్లోంచి తీసేసి, చీపురు పట్టకుండా తడిగుడ్డతో తుడవమన్నారు.

ఇంటికి తిరిగొచ్చే బస్సులో, "నేనే తెచ్చిపెట్టినాను గదా నీకు," అన్నాను.

"కావాలని తెచ్చినావా? ఊరుకో," అని కిటికీ వైపు తిరిగింది.

మరుసటి రోజు ఇద్దరి రిపోర్టులూ పట్టుకొని సైటుకు పోయాను. "సార్, నా పెళ్లాం ఒక్కనాడన్నా ఈ మట్టి తొక్కలేదు. ఆమె రక్తంలో ఇది యాల ఉండాది?" అని అక్కడ పని చూసే ఇంజనీరును అడిగాను. ఆయన రిపోర్టు రెండుసార్లు చదివాడు. పని ఆపించాడు. అందరికీ రక్తపరీక్షలు చేయించారు. బట్టలు మార్చుకోను రేకులగది, కొళాయిలు, సబ్బులు వచ్చాకే మళ్లీ తవ్వకం మొదలైంది. నా మనుషుల్లో ఇద్దరికి లెవెల్ ఎక్కువని తేలింది. వాళ్లు మాస్కు తీసేస్తే చూస్తూ ఊరుకున్నవాణ్ణి. వాళ్ల ముఖం ఇప్పటికీ నేరుగా చూడలేను.

చెలేషన్ ఇంకోసారి తీసుకున్నాను. ఇప్పుడు మదనపల్లె టమోటా మండీలో గేటు దగ్గర కాపలాకు కూర్చుంటున్నాను. చేతిలో బలం సగమే తిరిగొచ్చింది. క్రేటు ఎత్తలేను. మధ్యాహ్నానికే ఒళ్లు వాలిపోతుంది. రత్నమ్మ లెవెల్ మాత్రం బాగా తగ్గింది. ఆ రిపోర్టు చూసిన రోజు ఇద్దరం కడుపునిండా తిన్నాం.

ఇట్లాంటి మట్టిపనికి పోయేవాళ్లకు ఒకటే చెప్తాను. పనిలో వేసుకున్న బట్టలు, చెప్పులు ఆడనే విడిచి, స్నానం చేసి ఇంటికి పొండి. దానికి చోటు లేదంటే, చోటు చూపించేదాకా గుంతలోకి దిగొద్దు.