అక్క పేరు మీద ఓటు

రుఫీనాకు ఇద్దరు కూతుళ్లు. పెద్దది కోర్డులా, చిన్నది ఓటిల్యా. ముఖాలు కలవవు గాని, గొంతులు మాత్రం ఒకటే. సింబూ కొండల్లో ఒక మిట్ట మీది నుంచి ఇంకో మిట్ట మీదికి కేకేసి మాట్లాడుకోవడం మామూలే. ఆ ఇద్దరిలో ఎవరు కేక పెట్టినా తల్లికే తేడా తెలిసేది కాదు. "ఎవత్తివే నువ్వు, పెద్దదానివా చిన్నదానివా?" అని కింద చిలగడదుంపల తోటలోంచి అడిగేది. పైనుంచి ఇద్దరూ కలిసి నవ్వేవారు.

భర్త సియూనే ఎప్పుడో పోయాడు. కాఫీ చెట్లు, రెండు పందులు, ఈ ఇద్దరు ఆడపిల్లలు, ఇదీ ఆమె సంసారం. మంచికీ చెడుకీ మరిది కావుపా ఉన్నాడు. అతను ఆ వార్డుకి కౌన్సిలరు. మాట కరుకైనా, వదిన ఇంటి కప్పుకి గడ్డి తక్కువైతే తానే మోసుకొచ్చి కప్పేవాడు.

కోర్డులా ఇరవై రెండో ఏట కడుపునొప్పితో పోయింది. రెండు రోజులు మెలికలు తిరిగింది. రెండు గడకర్రలకు దుప్పటి కట్టి, అందులో పడుకోబెట్టి, మగవాళ్లు వంతులు మార్చుకుంటూ మోశారు. వానలకు దారి తెగి, వంతెన ఏటిలో పడి ఉంది. అవతలి గట్టుకి ఆస్పత్రి బండి రావాలి. రాలేదు. ఏటి ఒడ్డునే పిల్ల ప్రాణం పోయింది. అదే దుప్పటిలో తిరిగి తెచ్చారు. రుఫీనాయే ఒళ్లు కడిగింది, తానే జుట్టు దువ్వింది. ఆ తరవాత ఇంట్లో ఎవరూ ఆ పేరు ఎత్తలేదు. ఎత్తితే ఆమె చేతిలో పని వదిలేసి తోటలోకి వెళ్లిపోయేది.

మరుసటి ఏడు ఓటర్ల పేర్లు రాసే మనుషులు వచ్చారు. చర్చి బడిలో ఒక్కరోజు మాత్రం కూర్చున్నారు. ఓటిల్యా ఆ రోజు క్యాబేజీలు అమ్ముకురావడానికి కుండియావా సంతకు పోయింది. రుఫీనా ఒక్కతే వెళ్లింది.

"మా పెద్దపిల్ల పోయింది బాబూ. పేరు తీసెయ్యి. చిన్నదానికి వయసొచ్చింది, దాన్ని రాసుకో."

రాసేవాడు కుర్రవాడు, మర్యాదస్తుడే. "పోయినట్టు ఆస్పత్రి కాగితం ఉందామ్మా?"

"ఏటి ఒడ్డున పోయిన పిల్లకి కాగితం ఎవడిస్తాడయ్యా?"

"కాగితం లేకుండా పేరు కొట్టెయ్యకూడదమ్మా. అలా కొట్టేస్తే రేపు ఒకళ్లంటే గిట్టని ఇంకొకళ్లొచ్చి, బతికున్నవాళ్లని కూడా పోయారంటారు. కిందటిసారి అదే జరిగింది. ఇక చిన్నమ్మాయి సంగతంటావా, మనిషి స్వయంగా రావాలి. నేను మొహం చూడాలి."

"సాయంత్రానికి వచ్చేస్తుంది."

"మేం మధ్యాహ్నమే కొండ దిగాలి. మళ్లీసారి చూద్దాం."

ఆ మాటలో తప్పు పట్టడానికి రుఫీనాకు ఏమీ కనబడలేదు. ఇంటికి వచ్చింది.

ఎన్నికలు వచ్చాయి. వాళ్ల తెగవాడే అయిన క్లెమెంట్ గోయి నిలబడ్డాడు. అతని మాట ఒక్కటే: వంతెన, రోడ్డు. కావుపా రాత్రనక పగలనక అతని వెంట తిరిగాడు. ఒకనాడు ఓటిల్యాను కాఫీ చెట్ల చాటుకు పిలిచాడు.

"నీ పేరు లిస్టులో లేదే పిల్లా."

"తెలుసు బాబాయ్. అమ్మ చెప్పింది."

"మీ అక్క పేరుంది."

ఓటిల్యా చేతికందిన కాఫీ ఆకు తుంచింది.

"రోడ్డు లేకే కదే అది పోయింది? ఇవాళ బతికుంటే ఎవరికి వేసేది? నువ్వే చెప్పు. దాని ఓటు దాని తరఫున నువ్వేస్తే తప్పేంటి? నువ్వు వెయ్యకపోతే అవతలివాళ్ల పిల్ల ఎవత్తో వేస్తుంది. అప్పుడు మనకి బాగుంటుందా?"

"అమ్మతో చెప్పనా?"

"వద్దు. ఏడుస్తుంది."

పోలింగ్ రోజున బడి ముందు మైదానం నిండా జనం. తాడు కట్టారు, బల్ల వేశారు, ఇద్దరు పోలీసులు తుపాకులు పట్టుకుని నిలబడ్డారు. వేరే జిల్లా నుంచి వచ్చిన అధికారి గొట్టం మైకులో ఒక్కొక్క పేరే పిలుస్తున్నాడు. పిలిచినవాళ్లు పలికి, తాడు దాటి వెళ్లి, చిటికెన వేలికి సిరా పూయించుకుంటున్నారు. రుఫీనా ఓటేసి వచ్చి ఆడవాళ్ల మధ్య గడ్డి మీద కూర్చుని సంచీ అల్లుకుంటోంది.

"కోర్డులా సియూనే!"

సూది ఆగిపోయింది. ఆ పేరు అంత గట్టిగా వినబడి రెండేళ్లయింది.

"ఆఁ, వస్తున్నా!"

కోర్డులా గొంతే. ఆ పిల్ల ఒళ్లు తన చేతులతో కడిగిన తల్లి, మట్టి కప్పుతుంటే చూసిన తల్లి, ఒక్క ఉదుటున లేచి నిలబడింది. సంచీ ఎక్కడో పడింది. ముఖం అంతా వెలిగిపోయిందని పక్కన కూర్చున్న ఆడవాళ్లు తరవాత చెప్పుకుని ఏడ్చారు. జనాన్ని తోసుకుని రెండడుగులు వేసేసరికి తాడు దగ్గర తలవంచుకు నిలబడ్డ ఓటిల్యా కనిపించింది.

అవతలి అభ్యర్థి మనిషి వాయిమ్ ఎగిరిపడ్డాడు. "దొంగ ఓటు! ఆ పిల్ల చచ్చి రెండేళ్లయింది. దాని దినం నాటి పంది మాంసం నేనూ తిన్నాను!"

"నోరు ముయ్యరా! నీ లిస్టులో ఎన్ని దయ్యాలున్నాయో చెప్పమంటావా?" అని కావుపా అరిచాడు. మగవాళ్లు లేచారు. పోలీసు ముందుకొచ్చి ఓటిల్యా జబ్బ పట్టుకున్నాడు.

అధికారి మైకు దించి, "ఈ అమ్మాయి తల్లి ఉందా ఇక్కడ?" అన్నాడు.

అందరూ తప్పుకుని దారి ఇచ్చారు. రుఫీనా బల్ల ముందుకు వెళ్లి నిలబడింది.

"ఏమ్మా, ఈ పిల్ల నీ కూతురేనా?"

"నా కూతురే."

"కోర్డులాయేనా? నిజం చెప్పు. అబద్ధమైతే జైలుకి పోయేది తనే."

రుఫీనా ఓటిల్యా వంక చూసింది. పోలీసు వేళ్లు పిల్ల చేతి మీద పడి ఉన్నచోటు చూసింది. కావుపా కళ్లతో బతిమాలుతున్నాడు.

"కోర్డులాయే," అంది. "ఇది నా కోర్డులా."

పిల్ల వేలికి సిరా పూశారు.

ఆ సాయంత్రం కావుపా పంది తొడ తెచ్చి గుమ్మంలో పెట్టాడు. రుఫీనా దాన్ని ముట్టుకోలేదు.

"నన్ను నాలుగు తిట్టు వదినా, పోనీ కొట్టు," అన్నాడు. "రేపు ఇంకో తల్లి బిడ్డ ఏటి ఒడ్డున పోకూడదనే కదా."

"నువ్వు అడిగుంటే దాని పేరు ఇచ్చేదాన్నేమో కావుపా. నన్ను అడగలేదు."

లోపల ఓటిల్యా వేలిని బూడిదతో రుద్దుతోంది. సిరా పోవడం లేదు. "అమ్మా, నువ్వు లేస్తావనుకోలేదే. నేనని నీకు తెలుస్తుందనుకున్నా."

"తెలియలేదే," అంది తల్లి. పిల్ల చేతిలోంచి బూడిద లాక్కుని తడిగుడ్డతో తుడిచింది. చర్మం అప్పటికే కందిపోయింది.

గోయి గెలిచాడు. అన్నమాట ప్రకారం, ఆలస్యంగానైనా, వంతెన కట్టించాడు. నొప్పులొచ్చిన ఆడవాళ్లు ఇప్పుడు ట్రక్కులో ఆస్పత్రికి చేరుతున్నారు. అది చూసి రుఫీనా నిజంగానే సంతోషించేది. ఆ వంతెన దాటే ట్రక్కు మాత్రం తాను ఎన్నడూ ఎక్కలేదు.

ఊళ్లో పోకిరీలకు అదొక వేళాకోళమైంది. ఓటిల్యా నీళ్లకు పోతుంటే "ఏం కోర్డులా, ఎప్పుడు లేచొచ్చావు?" అనేవారు. మొదట్లో తిట్టింది. తరవాత తలవంచుకు పోవడం మొదలుపెట్టింది. మిట్ట మీది నుంచి కేకెయ్యడం మానేసింది. తల్లి తోటలో ఉంటే, ఎంత దూరమైనా దిగివచ్చి, పక్కన నిలబడి మెల్లగా మాట్లాడేది.

మళ్లీ పేర్లు రాసేవాళ్లు వచ్చారు. ఈసారి రాసేది నడివయసు ఆడమనిషి. రుఫీనా ఓటిల్యాను వెంటబెట్టుకెళ్లింది. చిన్నదాని పేరు రాసుకున్నారు. పెద్దదాని పేరు తీయమంది.

"కిందటిసారి ఓటేసింది కదమ్మా ఈ కోర్డులా. ఎప్పుడు పోయింది?"

"అంతకు ముందే."

"ముందే పోతే ఓటెలా వేసింది?"

ఓటిల్యా తల్లి మోచెయ్యి పట్టుకుంది. రుఫీనా కూతురి వంక చూసింది. "సరేనమ్మా, ఉండనీ," అని బయటికొచ్చింది.

ఓటిల్యా పెళ్లి చేసుకుని ఏటి అవతలి ఊరికి వెళ్లింది. ఆడపిల్ల పుట్టింది. మూడో నెలలో బిడ్డను అల్లిక సంచీలో వీపున వేసుకుని తల్లి దగ్గరికి వచ్చింది.

"దీనికి అక్క పేరు పెడతానమ్మా."

రుఫీనా బిడ్డను ఒళ్లోకి తీసుకుంది. చాలాసేపు దాని అరికాళ్లు నిమురుతూ కూర్చుంది.

"వద్దు తల్లీ," అంది. "ఆ పేరుకి ఇంకెవరి చేతా పలికించొద్దు."

బిడ్డకు అత్తగారి పేరు పెట్టుకున్నారు. రుఫీనా పొయ్యిలో దుంపలు కప్పి, కూతురు తినేదాకా బిడ్డను తానే ఎత్తుకుని తిప్పింది.